మండ్రగబ్బ నాడుల వెంట: తెలుగునాట జంతు నాడీజీవశాస్త్రం

జంతువు దేహంలో నాడులు ఏ క్రమంలో అమరి ఉన్నాయో, వాటి గుండా సంకేతాలు ఎలా ప్రయాణిస్తాయో, ఆ సంకేతాల నుంచి నడక, వేట, బెదురు, విశ్రాంతి వంటి ప్రవర్తనలు ఎలా రూపుదిద్దుకుంటాయో పరిశీలించే శాస్త్రాన్ని నాడీజీవశాస్త్రం అంటారు. మనిషి మెదడుకు వచ్చే జబ్బులను నయం చేసే నాడీవైద్యం ఆసుపత్రుల్లో పుట్టి పెరగగా, జంతు నాడీజీవశాస్త్రం జంతుశాస్త్ర శాఖల ప్రయోగశాలల్లో, చాలావరకు వెన్నెముక లేని చిన్న ప్రాణుల మీద ఓపికగా సాగిన పనితో ఎదిగింది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం వేళ్లూనుకున్న కథ 20వ శతాబ్ది ద్వితీయార్ధానికి చెందినది. దానికి కేంద్రం తిరుపతి, దానికి ఆధారమైన ప్రాణి పల్లెల్లో మండ్రగబ్బ అని పిలిచే నల్లని పెద్ద తేలు, దాన్ని నడిపించినవారు కె. పంపాపతిరావు, కె. శశిరబాబు వంటి అధ్యాపకులు. ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో చోటు సంపాదించుకున్న ఈ పరిశోధన గురించి తెలుగులో చదివే పాఠకుడికి అందిన సమాచారం బహు స్వల్పం కావడం నిజంగా విచారించవలసిన విషయం.

ఈ కథను నిజామాబాద్ జిల్లా వైపు నుంచి చూస్తే దాని ప్రాముఖ్యం మరింత స్పష్టమవుతుంది. బాల్కొండకు పక్కన, శ్రీరాంసాగర్ జలాశయానికి చేరువలో, జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ముప్కాల్ వంటి ఊరి నుంచి జీవశాస్త్రాలు చదవదలచిన విద్యార్థికి చాలాకాలం పాటు ఉన్న దారి ఒకటే: నిజామాబాద్‌లో 1956లో ఏర్పడిన గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో బీజెడ్సీ, అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన డిగ్రీ చదివి, ఆపైన ఎమ్మెస్సీ కోసం హైదరాబాదుకో వరంగల్‌కో వెళ్లడం. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం రూపుదాల్చింది 2006లో మాత్రమే. ఆ డిగ్రీ పాఠ్యక్రమంలో సాలీడు, తేలు మొదలైన ఎనిమిది కాళ్ల జీవుల వర్గానికి ప్రతినిధిగా నల్లతేలును చెప్పేవారు. పాత పుస్తకాల్లో పాలమ్నియస్ అనీ, తరువాతి పుస్తకాల్లో హెటిరోమెట్రస్ అనీ దానికి పేరు. విద్యార్థి దాని బొమ్మను రికార్డులో గీసి, భాగాలు గుర్తించి, అధ్యాపకుడి సంతకం వేయించుకునేవాడు. అదే ప్రాణి నాడీమండలం మీద అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు తిరుపతి నుంచే వెలువడుతున్నాయన్న మాట ఆ తరగతి గదిలో వినిపించడం మాత్రం అరుదు.

హైదరాబాదు రాజ్యంలో జంతుశాస్త్ర బోధనకు పునాది 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పడింది. అక్కడ ఆచార్యుడిగా పనిచేసిన బి.కె. దాస్, నీటిలో ఉంటూనే నేరుగా గాలి పీల్చుకోగల కొర్రమట్ట వంటి చేపల శ్వాసాంగాల మీద చేసిన అధ్యయనంతో పేరు పొందారు. ఆయన దీర్ఘవ్యాసాన్ని 1927లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. తీరాంధ్రలో 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి నాయకత్వంలో సముద్రజీవుల అధ్యయనం బలపడింది. ఈ రెండు సంప్రదాయాలూ గొప్పవే, అయితే వాటి దృష్టి ప్రధానంగా జీవి ఆకారం, వర్గీకరణ, ఆవాసం, పిండం ఎదిగే తీరు మీద నిలిచింది. బతికి ఉన్న నాడిలో క్షణక్షణం జరిగే విద్యుత్ మార్పును పట్టి కొలవాలంటే సూక్ష్మమైన విద్యుత్తును పెంచి చూపే యాంప్లిఫయర్లు, ఆ మార్పును తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్, వాటిని మరమ్మతు చేసుకోగల నేర్పు, అన్నిటికీ మించి ఏ ప్రశ్నకు ఏ ప్రాణి తగినదో ఎంచుకునే శిక్షణ కావాలి. ఆ శిక్షణ తెలుగునాటికి కాలిఫోర్నియా మీదుగా వచ్చింది.

1950ల ఆరంభంలో పంపాపతిరావు లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో థియొడోర్ బుల్లక్ వద్ద పనిచేశారు. బుల్లక్ (1915–2005) తులనాత్మక నాడీజీవశాస్త్రానికి, అంటే వేర్వేరు జంతువుల నాడీవ్యవస్థలను పోల్చి చూసి వాటి వెనక ఉన్న సూత్రాలను వెలికితీసే అధ్యయనానికి, ఆద్యుల్లో ఒకరు. కొన్ని విషసర్పాల ముఖం మీద ఉండే గుంటలు వేడిని పసిగట్టే ఇంద్రియాలని నాడీ సంకేతాల ద్వారా నిరూపించినవారు ఆయనే. పంపాపతిరావు, బుల్లక్ కలిసి 1954లో అమెరికన్ నాచురలిస్ట్ పత్రికలో ప్రచురించిన వ్యాసం, పరిసరాల వేడిని బట్టి ఒంటి వేడి మారే జంతువుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడు జీవక్రియల వేగం ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది ఆ జంతువు పరిమాణాన్నీ, అది అలవాటుపడ్డ వాతావరణాన్నీ బట్టి ఎలా మారుతుందో చర్చించింది. అదే ఏడాది పంపాపతిరావు ఒక్కరే రాసిన మరో వ్యాసం సముద్రపు ఆల్చిప్పలకు సంబంధించినది: నీటిని లోపలికి పీల్చి వదిలే వాటి వేగం ఆటుపోట్ల లయను అనుసరిస్తుందనీ, ప్రయోగశాలలోకి తెచ్చాక కూడా ఆ లయ కొనసాగుతుందనీ, వేరే తీరానికి మార్చి నాటితే అది మారగలదనీ ఆ వ్యాసం వాదించింది. జీవి లోపల కాలాన్ని లెక్కించే ఏర్పాటు ఒకటి ఉందా, ఉంటే అది ఎక్కడ ఉంది అన్న ప్రశ్న ఆయనతో పాటే స్వదేశానికి వచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954 సెప్టెంబరు 2న, తిరుమల తిరుపతి దేవస్థానాల తోడ్పాటుతో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది, ఎస్. గోవిందరాజులు నాయుడు దాని తొలి ఉపకులపతి. 1960ల ఆరంభానికి పంపాపతిరావు మార్గదర్శనంలో అక్కడి జంతుశాస్త్ర శాఖ నుంచి శరీరధర్మశాస్త్ర వ్యాసాలు వరుసగా రావడం ప్రారంభమైంది. కొత్త విశ్వవిద్యాలయానికి సముద్రతీరం లేదు, ఖరీదైన జంతుశాలలు లేవు; ఉన్నవల్లా శేషాచలం పాదాల వద్ద ఎర్రమట్టి, రాతినేల, చెరువులు, పొలాలు. ఆ నేలలో దొరికే వానపాము, చెరువుల్లోని నత్త, పొలాల్లోని పీత, బొరియల్లోని మండ్రగబ్బ, ఇవే పరిశోధనకు ఆధారమయ్యాయి. కె.ఎస్. స్వామి, ఆయన విద్యార్థులు ఎండాకాలంలో గుల్ల మూసుకొని నెలల తరబడి నిద్రాణంగా ఉండే నత్త జీవక్రియలను చేపట్టగా, నాడీజీవశాస్త్రం మండ్రగబ్బ చుట్టూ అల్లుకుంది. 1962లో పంపాపతిరావు, టి. గోపాలకృష్ణారెడ్డి కలిసి ఎనిమిది కాళ్ల జీవులు నత్రజని వ్యర్థాలను ఏ రూపంలో విసర్జిస్తాయో వివరించిన వ్యాసం ఈ పరంపరలో తొలినాటిది.

తేలును ఎంచుకోవడం వెనక గట్టి కారణాలున్నాయి. హెటిరోమెట్రస్ ఫుల్విపెస్ అన్న శాస్త్రీయ నామంతో ఆ వ్యాసాల్లో కనిపించే ఈ జీవి నేలలో బొరియ తవ్వుకొని పగలంతా లోపలే ఉండి, పొద్దుగూకాక బయటికి వస్తుంది. అంటే దాని కదలికలో పగలు, రాత్రి తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. తిండి లేకుండా చాలాకాలం బతకగలదు కనుక ప్రయోగశాలలో ఉంచడం సులభం. దాని నాడీమండలం నిర్మాణం కూడా పరిశోధకుడికి అనుకూలమే: తలభాగంలో ఆహారనాళం చుట్టూ నాడీపదార్థం ఒక ముద్దగా చేరి ఉంటుంది, అక్కడి నుంచి పొట్ట అడుగుభాగం వెంట తోక దాకా ఒక నాడీదండం సాగుతుంది, ఆ దండం మీద నాడీకణాలు గుమిగూడిన ముడుల వంటి నాడీసంధులు ఏడు ఉంటాయి, వాటిలో మూడు పొట్టలో, నాలుగు తోకలో. ఒక్కో నాడీసంధి తన పరిధిలోని ఖండాన్ని చూసుకుంటూనే పైకీ కిందికీ సమాచారం పంపుతుంది. కోట్ల కణాలు ఒక్కచోట చిక్కగా పేరుకున్న క్షీరదాల మెదడులో దొరకని సౌలభ్యం ఇది, ఎందుకంటే ఇక్కడ ఒక నాడీసంధిని మిగిలినవాటి నుంచి వేరుచేసి అది ఒంటరిగా ఏమి చేయగలదో అడిగి చూడవచ్చు.

అలా అడగడానికి ముందు తీర్చవలసిన చిక్కు ఒకటుంది. దేహం నుంచి తీసిన నాడి గంటల తరబడి సజీవంగా ఉండాలంటే దాన్ని ఆ జంతువు రక్తంతో సరితూగే లవణజలంలో ఉంచాలి; సోడియం, పొటాషియం, కాల్షియం పాళ్లు కొద్దిగా తప్పినా నాడి పంపే సంకేతాలు మారిపోతాయి. ఈ కారణం చేత తేలు రక్తం ఎటువంటిదన్న ప్రశ్న నాడీశాస్త్రానికి తొలి మెట్టు అయింది. బి. పద్మనాభనాయుడు ఆ రక్తం లక్షణాలను, అందులో ప్రాణవాయువును మోసే రాగియుక్తమైన హీమోసయనిన్ అనే పదార్థాన్ని పరిశీలించి, లవణాల పాళ్లను, రక్తం మొత్తం పరిమాణాన్ని లెక్కగట్టగా, ఆ ఫలితాలు 1967లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. ఇనుముతో ఎర్రబడే మన రక్తానికి భిన్నంగా, ప్రాణవాయువు సోకినప్పుడు నీలిరంగు తిరిగే ఆ రక్తం వివరాలు తెలిశాకనే, నాడీదండాన్ని గాజుపళ్లెంలోని లవణజలంలో పరిచి, సన్నని లోహపు తీగల్ని ఎలక్ట్రోడ్లుగా తాకించి, యాంప్లిఫయర్ ద్వారా స్పీకరుకు కలపడం అర్థవంతమవుతుంది. అలా కలిపినప్పుడు ఏ ప్రేరణా లేకుండానే నాడి నుంచి పోపులో ఆవాలు చిటపటలాడినట్లు శబ్దం వస్తుంది. ఒక్కో చిటుకు ఒక నాడీపోగు గుండా పరుగెత్తిన ఒక్కో విద్యుత్ సంకేతం. దీన్నే స్వయంచాలక విద్యుత్ క్రియ అంటారు.

తిరుపతి బృందం ఈ చిటపటను రోజులోని వేర్వేరు వేళల్లో లెక్కించి, అది అన్నివేళలా ఒకే స్థాయిలో ఉండదనీ, తేలు బయట తిరిగే సాయంవేళకు తగినట్లు హెచ్చుతుందనీ చూపింది. సుమారు 24 గంటలకు ఒకసారి తిరిగివచ్చే ఇటువంటి లయను దినలయ అంటారు. ఎస్.ఎ.టి. వెంకటాచారి, పి. మురళీకృష్ణదాస్ 1968లో లైఫ్ సైన్సెస్ పత్రికలో మరో అడుగు ముందుకు వేశారు. ఒక నాడీకణం పక్క కణానికి వార్త అందించడానికి విడుదల చేసే రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ ముఖ్యమైనది; వార్త అందిన వెంటనే దాన్ని విచ్ఛిన్నం చేసి, తరువాతి వార్తకు దారి ఖాళీ చేసే ఎంజైము కోలినెస్టరేజ్. తేలు నాడీదండంలో ఈ ఎంజైము చురుకుదనం కూడా రోజును అనుసరించి లయబద్ధంగా మారుతుందని వారు కనుగొన్నారు. తరువాతి ఏళ్లలో అదే శాఖ పరిశోధకులు రక్తంలోని చక్కెరలోనూ, గుండె కండరంలోని గ్లైకోజెన్‌లోనూ ఇటువంటి లయలనే నమోదు చేశారు. ఈ పని జరిగిన కాలాన్ని గుర్తుంచుకోవాలి: జీవగడియారాల మీద ప్రసిద్ధమైన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు జరిగింది 1960లో, ఈగల్లో కాలాన్ని నడిపే పీరియడ్ జన్యువు బయటపడింది 1971లో, ఆ దారిలో సాగిన పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది 2017లో. ప్రపంచం ఆ ప్రశ్నను గట్టిగా అడగడం మొదలుపెట్టిన దశకంలోనే తిరుపతి కూడా తన నేలలోని ప్రాణితో అదే ప్రశ్న అడిగింది.

మండ్రగబ్బ దేహమంతా సన్నని రోమాలు ఉంటాయి. చీకటిలో తిరిగే ఆ జీవికి కళ్లకన్నా ఇవే పెద్ద ఆసరా. ఒక రోమం వంగితే దాని మొదట్లో ఉన్న జ్ఞానకణాలు నాడీసంధికి సంకేతం పంపుతాయి. ఒకవైపు రోమాన్ని తాకితే రెండోవైపు నాడులు ఎలా స్పందిస్తాయి, ఆ రోమాల నుంచి వచ్చే పోగులు కేంద్ర నాడీమండలంలో ఏ దారిన పోతాయి అన్నది పి. సంజీవరెడ్డి, పంపాపతిరావు 1970లో బ్రిటన్‌లోని జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీలో వివరించారు. కీటకాల్లో స్పర్శను గ్రహించే రోమానికి సాధారణంగా ఒక జ్ఞానకణం సరిపోతుండగా తేలు రోమానికి అనేక కణాలు ఎందుకు అన్న చక్కని ప్రశ్నను సంజీవరెడ్డి మరుసటి ఏడాది అదే పత్రికలో చేపట్టారు. ఇటువంటి ప్రశ్న పుస్తకం చదివితే పుట్టదు. సూక్ష్మదర్శిని కింద ఒకే ప్రాణిని ఏళ్ల తరబడి చూసిన కంటికే అది తడుతుంది.

ఈ సంప్రదాయంలో ఒక జీవితకాలపు అధ్యాపక వృత్తి ఎలా ఉంటుందో చెప్పడానికి శశిరబాబు పనిని మించిన ఉదాహరణ తెలుగునాట లేదు. ఎనిమిది కాళ్ల జీవుల కేంద్ర నాడీమండల నిర్మాణం మీద ఆయన ఒక్కరే రాసిన అధ్యయనం 1965లో జర్మనీ పత్రిక జూలోగిషె యార్‌బ్యూషెర్‌లో 154 పుటలు ఆక్రమించింది. పత్రికా వ్యాసం అన్న మాట దానికి చాలదు, అది ఒక గ్రంథమే. ఆ తరువాత ఆయన వెంకటాచారితో కలిసి తేలు కండరాలను కదిలించే నాడీపోగుల చురుకుదనాన్నీ, తన విద్యార్థులతో కలిసి నాడీసంధుల లోపలి అమరికనూ వెలికితీస్తూ పోయారు. 1980లో కె. ఎల్లమ్మ, పి. మురళీమోహన్‌తో కలిసి ప్రచురించిన వ్యాసం ఏడవ నాడీసంధిలోని మహాపోగుల గురించి. మిగతావాటికన్నా ఎన్నో రెట్లు లావుగా ఉండి సంకేతాన్ని వేగంగా చేరవేసే నాడీపోగులను మహాపోగులు అంటారు, అపాయం ఎదురైనప్పుడు మెరుపువేగంతో కదలవలసిన ఎన్నో జంతువులకు ఇవి ప్రాణాధారం. ఈ అధ్యయనాల ఖ్యాతి ఆయనను జర్మనీలోని ఫ్రీడ్రిష్ బార్త్ పరిశోధనా బృందంతో కలిపింది. బార్త్, శశిరబాబు 1984లో మధ్య అమెరికాలో జీవించే కుపియెన్నియస్ అనే సాలీడు నాడీమండలాన్ని వర్ణించారు. 1985లో బార్త్ సంపాదకత్వంలో వెలువడిన, ఈ రంగంలో నేటికీ మూలగ్రంథంగా చెప్పుకొనే సంపుటంలో తొలి అధ్యాయం శశిరబాబుదే. కోబాల్టు లవణాన్ని తెగిన నాడి కొస గుండా ఎక్కించి ఒక్కొక్క పోగునే నల్లగా కనిపించేట్లు చేసే విధానం 1970ల నుంచి అందుబాటులోకి వచ్చాక, నాడీదారుల అన్వేషణ ప్రపంచమంతటా కొత్త మలుపు తిరిగింది. తేలు దేహం మీది పొడవాటి రోమాల నుంచి వచ్చే సమాచారం నాడీదండంలో ఏయే మార్గాల్లో పోతుందో వివరించే వ్యాసం 1994లో ఆయన, ఒక సహపరిశోధకుడి పేర్లతో వచ్చింది. 1965 నుంచి 1994 దాకా ఒకే వర్గపు జీవుల నాడులను వదలకుండా పట్టుకున్న ఆ నిలకడే ఈ వృత్తిలో అసలైన సంపద.

ఈలోగా పంపాపతిరావు బెంగళూరు విశ్వవిద్యాలయానికి వెళ్లగా, తేలు కూడా ఆయనతో వెళ్లింది. తేలు తోకలోని నాడీసంధి వెలుతురును గ్రహించగలదని గీతాబలి, ఆయన కలిసి 1973లో ప్రకటించారు. కళ్లు తలమీద ఉండగా తోకకు వెలుగు ఎందుకు తెలియాలి అన్న ప్రశ్నకు సమాధానం ఆ ప్రాణి జీవనశైలిలో ఉండవచ్చు: బొరియలో దాగినప్పుడు దేహంలో ఏ భాగం ఇంకా వెలుగులో ఉందో తెలియడం దానికి ఉపయోగకరం. ఆస్ట్రేలియా తేలులో ఇటువంటి సూచన 1968లోనే కనిపించింది. బెంగళూరు పని దాన్ని నాడీ స్థాయిలో నిలబెట్టింది. తేలు మెదడులోని కొన్ని నాడీకణాలు హార్మోనుల వంటి స్రావాలను రక్తంలోకి పంపే తీరును ఎం. హబీబుల్లా అధ్యయనం చేశారు. ఒక గురువు ఊరు మారితే ఒక శాస్త్రశాఖ రెండు చోట్ల వేళ్లూనడం భారతీయ విశ్వవిద్యాలయాల చరిత్రలో తరచుగా కనిపించే శుభపరిణామం. అయితే మిగిలిన శాఖ నిలవాలంటే అక్కడ శశిరబాబు వంటి వారు ఉండితీరాలి.

ఇక్కడి నుంచి కథ మళ్లీ నిజామాబాద్ పొలాలకు వస్తుంది, ఎందుకంటే పైన చెప్పిన కోలినెస్టరేజ్ అన్న ఎంజైము ప్రయోగశాలలో ఎంత ముఖ్యమో సేద్యంలోనూ అంతే ముఖ్యం. 1931 నాటికి మంజీరపై నిజాంసాగర్ పూర్తికావడం, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలయడం, ఆపైన 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు (శ్రీరాంసాగర్) ప్రాజెక్టు నీరు రావడంతో ఈ జిల్లా చెరకు, వరి, పసుపు సాగుకు నెలవైంది. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం నెలకొంది. సాగు చిక్కబడేకొద్దీ చెరకులో పీక పురుగుకు, వరిలో మొగి పురుగుకు, పసుపులో దుంప ఈగకు మందులు వాడడం పెరిగింది. రైతులు గుళికల మందు అని పిలిచే కార్బోఫ్యూరాన్, పిచికారీ చేస్తూ వచ్చిన మోనోక్రోటోఫాస్, మిథైల్ పెరాథియాన్ వంటివి పురుగును చంపే పద్ధతి ఒకటే: అవి కోలినెస్టరేజ్‌ను అడ్డుకుంటాయి, దానితో అసిటైల్‌కోలిన్ విచ్ఛిన్నం కాకుండా పేరుకుపోతుంది, నాడులు ఆగకుండా సంకేతాలు పంపి పంపి అలసి మూగబోతాయి. ఎండోసల్ఫాన్ మరో దారిన నాడిని దెబ్బతీస్తుంది. దాన్ని 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. పురుగుమందుల్లో అత్యధిక భాగం నాడీవిషాలే కనుక, పురుగుమందు డబ్బా మూత తీసే ప్రతి రైతూ తనకు తెలియకుండానే నాడీజీవశాస్త్రంతో వ్యవహరిస్తున్నాడు.

మనిషి దేహంలోనూ అదే ఎంజైము, అదే అసిటైల్‌కోలిన్ ఉన్నాయి. పిచికారీ వేళ మందు ఒంటికి పట్టినా, దురదృష్టవశాత్తు నోట పడినా కంటిపాప చిన్నదై, నోట చొంగ కారి, చెమటలు పట్టి, కండరాలు అదిరి, చివరికి ఊపిరి ఆడని స్థితి వస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ సూది అసిటైల్‌కోలిన్ పనిచేసే కొన్ని స్థానాలను కప్పివేసి రోగిని గట్టెక్కిస్తుంది. ఈ విషాలు పొలంలో తప్పు చేయని ప్రాణులకు ఏమి చేస్తాయన్నది 1970ల చివరి నుంచి తిరుపతి జంతుశాస్త్ర శాఖలో పెద్ద అధ్యయనాంశమైంది. ఆర్. రామమూర్తి, కె.వి. రమణారావు వంటి ఆచార్యుల విద్యార్థులు వరిపొలాల పీత మీద సుమిథియాన్ అనే పురుగుమందు ప్రభావాన్ని, తిలాపియా చేప మీద మిథైల్ పెరాథియాన్ ప్రభావాన్ని కొలిచారు. తేలు నాడిలో కోలినెస్టరేజ్‌ను కొలవడానికి నేర్చుకున్న విధానమే పీతలోనూ చేపలోనూ విషాన్ని కొలిచే పనిముట్టయింది. ఉపయోగం చూసుకోకుండా చేసిన మౌలిక పరిశోధన తరువాతి కాలంలో పల్లె అవసరానికి ఎలా అందివస్తుందో చూపే ఇంత స్పష్టమైన నిదర్శనం తెలుగునాట మరొకటి చూపడం కష్టం. ఆ ఫలితాలు రైతుకు చేరే భాషలో, రైతుకు చేరే చోట వెలువడి ఉంటే ప్రయోజనం ఎన్నో రెట్లు పెరిగేది.

దక్కను పొలాల్లో మండ్రగబ్బకన్నా భయపడవలసినది ఎర్రతేలు. మండ్రగబ్బ కాటు నొప్పిని మిగిల్చి పోతుంది; ఎర్రతేలు విషం నాడీపోగుల పొరలోని సూక్ష్మద్వారాలను తెరిచి ఉంచి, గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీసి, పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మందుతో ఈ మరణాలను గణనీయంగా తగ్గించగలిగారు. అదే విషం నుంచి 1990లో వేరుచేసిన ఐబీరియోటాక్సిన్ అనే చిన్న ప్రొటీను పొటాషియం ద్వారాల్లో ఒక ప్రత్యేక రకాన్ని మాత్రమే మూసివేస్తుంది కనుక, ప్రపంచంలోని నాడీ ప్రయోగశాలలు నేడు దాన్ని పనిముట్టుగా వాడుతున్నాయి.

1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఏర్పడ్డాక తెలుగునాట నాడీపరిశోధన దృష్టి జీవి నుంచి కణానికి, తేలు నుంచి ఎలుకకు మళ్లింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు ముసలితనంలో మెదడు కణాలు తమ డీఎన్ఏకు జరిగే నష్టాన్ని సరిచేసుకునే శక్తి ఎలా తగ్గుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి సంచాలకురాలై, 2009లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో నాడీశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పారు. ఇవన్నీ గర్వించదగిన విజయాలు. అయినా ఈ మలుపులో ఒక నష్టం లేకపోలేదు: ఎలుక మీద పని ఢిల్లీలోనైనా బోస్టన్‌లోనైనా ఒకటే, కాని శేషాచలం బొరియల్లోని ప్రాణి గురించి తిరుపతిలో కాకపోతే మరెక్కడా అంత లోతుగా ఎవరూ అడగరు.

తరగతి గదిలోనూ పరిస్థితులు మారాయి. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి, ఇంటర్మీడియట్ నుంచి డిగ్రీ వరకు జంతుశాస్త్రాన్ని తెలుగులో చదువుకొనే వీలు కల్పించి, నాడీకణం, నాడీదండం, నాడీసంధి వంటి మాటలను పల్లె విద్యార్థి నోట సహజంగా పలికించింది. దాని సేవ అపారం. డిగ్రీ ప్రయోగశాలల్లో ఏటా లెక్కలేనన్ని కప్పలు, బొద్దింకలు, తేళ్లు బలికావడాన్ని ఆపడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో మార్గదర్శకాలు ఇచ్చి, 2014లో కోతను పూర్తిగా నిలిపివేయమని చెప్పింది. ఆ నిర్ణయం న్యాయమైనదే. అయితే కోసిన జంతువుకు బదులు బతికి ఉన్న జంతువును రాత్రిపూట దాని బొరియ దగ్గర గమనించడం, అతినీలలోహిత దీపపు వెలుగులో తేళ్లు మెరిసే తీరును చూసి వాటి సంచారాన్ని లెక్కించడం వంటి పాఠాలు రావలసింది, చాలా చోట్ల ఆ స్థానాన్ని కంప్యూటరు తెర మీది బొమ్మ ఆక్రమించింది.

మరొక మార్పు శాస్త్రీయ నామాలకు, గ్రంథసూచికలకు సంబంధించినది. 2020లో లొరెంజో ప్రెండిని, స్టెఫనీ లోరియా ఆసియా మండ్రగబ్బల వర్గీకరణను సమూలంగా సవరించగా, భారత ద్వీపకల్పంలోని జాతులు చాలావరకు హెటిరోమెట్రస్ పేరు నుంచి తప్పుకొన్నాయి. తిరుపతి బృందం దశాబ్దాలు పనిచేసిన ఫుల్విపెస్ నేడు చెర్సొనెసోమెట్రస్‌లోకి, హబీబుల్లా అధ్యయనం చేసిన స్వామర్డామి అనే జాతి జైగాంటోమెట్రస్‌లోకి చేరాయి. కొత్త పేర్లతో వెదికే విద్యార్థికి 1960ల నుంచి 1990ల దాకా వచ్చిన తిరుపతి వ్యాసాలు కనిపించవు. వాటిని చదవాలంటే నిజామాబాద్, తిరుపతి కళాశాలల రికార్డుల్లో తరతరాలుగా రాసిన పాత పేరుతోనే వెదకాలి.